బ్రాకెట్ల మాస్టారి లావక్షరాలు

బ్రాకెట్ల మాస్టారికి ఒకటే జబ్బు. ఏం రాసినా కంప్యూటర్ సర్వర్లకిచ్చే కమాండ్ల పుస్తకంలాగే రాస్తారు. మా ఆఫీసులో ఆయన ఉద్యోగం ఆ పుస్తకం రాయడమే లెండి. లావక్షరాలుంటే కీబోర్డు మీద ఉన్నదున్నట్టు కొట్టాలి. వాలు అక్షరాలుంటే ఆ చోట మన సంగతి పెట్టాలి. చదరపు బ్రాకెట్లో ఉన్నది ఇష్టమైతేనే. నిలువు గీతుంటే అటో ఇటో ఒకటే. మూడు చుక్కలుంటే ఎన్నిసార్లయినా.

ఇంటి సరుకుల చీటీ కూడా అంతే. ఓసారి వాళ్లావిడ దాన్ని నా మొహం ముందు ఆడించింది.

"సబ్బుకీ షాంపూకీ మధ్య ఈ గోడేంటి అన్నయ్యా?"

"రెంటిలో ఒకటే తెమ్మనమ్మా."

"మరి నూనెకి ఈ పంజరం?"

"తేకపోయినా పర్లేదని."

"ముప్పై ఏళ్ల కాపురంలో నాకెక్కనిది నీకెలా ఎక్కింది?"

ఎలా ఎక్కిందంటే, ఆర్నెల్లుగా ఆయన నా ప్రాణం తోడేస్తున్నారు. సర్వర్ డబ్బాలు మోసి, నేల తుడిచి, నడుం పట్టేసి కూలబడితే చాలు, ఓ పేజీ, ఓ కీబోర్డు ముందు పెట్టేవారు.

"కొట్టు."

"ఆరో తరగతిలో బడి మానేసినోణ్ణి సార్!"

"పరీక్ష నీకు కాదయ్యా, నా పేజీకి."

మొదటిరోజు వాలు అక్షరాల్లో 'సర్వర్ పేరు' అని ఉంటే, ఆ మాటలే వెతికి వెతికి కొట్టాను. ఆయన తిట్టలేదు. పేజీ చించేశారు. "తప్పు దీనిది." నేను తడబడ్డ ప్రతిసారీ పేజీయే చిరిగింది.

ఓ సోమవారం మేనేజరు వచ్చాడు. "సర్వర్ గదిలో ఉండేవాళ్లందరికీ మెషిన్ ఆపడం, మళ్లీ ఆన్ చెయ్యడం రావాలి. రానివాళ్లు ఇంటికే." చూపు మాత్రం నామీదే.

ఇంట్లో నామీద ఆధారపడ్డవాళ్లు ముగ్గురు. ఈ నడుం చూసి ఇంకో పని ఎవడిస్తాడు? తేల్చుకునే లేస్తానని పళ్లు బిగించి, మాస్టారి పేజీ పక్కన పెట్టుకుని కీబోర్డు ముందు కూర్చున్నాను.

"ముందు నేను చూపిస్తా పెద్దాయనా," అంటూ కొత్త ఇంజినీరు ఆ పేజీ చూసి టకటకా కొట్టాడు, బ్రాకెట్లతో సహా. తెరంతా ఎర్రబడింది.

నేను ఒంటివేలితో మొదలెట్టాను. లావువి ఉన్నదున్నట్టు. వాలువి ఉన్నచోట డబ్బా మీద అంటించిన పేరు. బ్రాకెట్ల జోలికే పోలేదు. మెషిన్ ఉస్సురని ఆగింది.

"మళ్లీ ఆన్ చెయ్యమంటారా సార్?"

మేనేజరు గొంతు సవరించుకుని, "ఊఁ, చెయ్యి," అన్నాడు.

మాస్టారు పరుగున వచ్చారు. "ఎక్కడైనా తడబడ్డావా?"

"లేద్సార్."

ఆయన నిరాశగా పెన్సిల్ జేబులో పెట్టుకున్నారు.

మర్నాడు మేనేజరు బల్ల తుడుస్తుంటే అద్దం కింద ఓ చీటీ కనబడింది. ఆర్నెల్ల కిందటి తేదీ. మాస్టారి దస్తూరి. 'ఇతన్ని తీసెయ్యొద్దు. నేను నేర్పిస్తాను.' అంతా దిద్ది దిద్ది లావు చేసిన అక్షరాలు. ఒక్క బ్రాకెట్ లేదు, ఒక్క నిలువు గీత లేదు.

ఆ సాయంత్రం మాస్టారు నాకో చీటీ ఇచ్చారు: 'టీ [చక్కెర] ...'

మూడు కప్పులు పట్టుకెళ్లాను.

"ఇన్నెందుకయ్యా?"

"చుక్కలు పెట్టింది మీరే కద్సార్."

ఆయన కళ్లజోడు ఎత్తి చీటీ చూసుకున్నారు. పరపరా చించేశారు.

"తప్పు దీనిది," అని మూడో కప్పు నావైపు జరిపారు.