నంబరు మామయ్య గురువారాలు

నంబరు మామయ్య రైలింజను కనిపిస్తే దాని నంబరు రాసుకోకుండా ఉండలేడు. అదీ ఆయన జబ్బు. దానికి మందు లేదు, ఉన్నా ఆయన మింగడు.

నాలుగు రోడ్ల కూడలిలో ఆయనకు కళ్ళద్దాల దుకాణం ఉంది. కళ్ళు పరీక్ష చేసి, అద్దాలు బిగించి ఇస్తాడు. ఇలాంటి దుకాణాల్లో గోడకి అక్షరాల అట్ట ఉంటుంది. ఈయన గోడకి ఇంజను నంబర్ల అట్ట ఉంది. వచ్చినవాళ్ళు ఒక కన్ను మూసుకుని "ఏడు, మూడు, ఒకటి, ఎనిమిది" అని చదవగానే మామయ్య మొహం వెలిగిపోతుంది.

"బంగారం లాంటి ఇంజనండీ! ఎత్తు ఎక్కడంలో దాని తరవాతే ఏదైనా."

"అది సరేనండీ, నా కన్ను సంగతేంటి?"

"కన్నుకేం, నిక్షేపంలా ఉంది. కింది వరస చదవండి, అది ఇంకా మంచి ఇంజను."

పెళ్ళిరోజున కారులో వస్తూ రైల్వే గేటు దగ్గర దిగిపోయాడు. పెళ్ళికూతురు నలభై నిమిషాలు ఎదురుచూసింది. తీరా వచ్చి, ఆమెతో మాట్లాడిన మొట్టమొదటి మాట, "ఒకే బండికి రెండు ఇంజన్లు కట్టారు, తెలుసా?" ఆ మాట అత్తయ్య ఇరవై తొమ్మిదేళ్ళుగా చుట్టపక్కాలందరికీ చెబుతూనే ఉంది. మామయ్య మాత్రం విన్న ప్రతిసారీ, "ఆ రెండో నంబరు కూడా చెప్పవేం?" అంటాడు.

ఆయనకు రాయడం ఒక ఎత్తు, తప్పు లేకుండా రాయడం ఇంకో ఎత్తు. ఒకసారి రాసుకున్న అంకె మూడో ఎనిమిదో తేలక అన్నం ముందు నుంచి లేచిపోయాడు. బస్సెక్కి, ఆ బండి ఆగే చివరి ఊరిదాకా పోయి, మర్నాడు పొద్దున్న గడ్డం మాసిపోయి తిరిగొచ్చాడు. గుమ్మంలోనే, "ఎనిమిదే!" అన్నాడు.

బస్సులో ఎందుకంటే, రైలెక్కడు. "లోపల కూర్చుంటే ఇంజను నంబరు ఎట్లా కనిపిస్తుందే?" అంటాడు.

అలాంటి మనిషి మీద అత్తయ్యకు అనుమానం వచ్చింది. మేనకోడల్ని వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. ఆ మేనకోడలు ఒక ఫోను కంపెనీలో ఫిర్యాదులు వినే ఉద్యోగం చేస్తోంది. పొద్దస్తమానం ముక్కూ మొహం తెలియనివాళ్ళకు క్షమాపణ చెప్పి చెప్పి, ఇంటికొచ్చేసరికి నోరు విప్పాలంటే బద్ధకం ఆ పిల్లకి.

"మిగతా రోజులు చీకటి పడేసరికి ఇంట్లో ఉంటాడే. గురువారం మాత్రం గంటన్నర ఆలస్యం. పైగా ఇస్త్రీ చొక్కా! నంబర్లు రాసుకోడానికి ఇస్త్రీ ఎందుకే?"

"అడగలేకపోయావా అత్తయ్యా?"

"అడిగాను. 'పని' అన్నాడు. ఈ ఇంట్లో ఆయనకి పనెప్పుడుంది? నువ్వు వెంట వెళ్ళు. ఏం చూశావో ఉన్నదున్నట్టు చెప్పు. నాకేం బాధ లేదులే" అంటూ అత్తయ్య కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది.

గురువారం సాయంత్రం మేనకోడలు వెంటపడింది. మామయ్య కాదనలేదు. సంచిలోంచి ఇంకో పెన్ను తీసి చేతికిచ్చాడు.

మొదట పెద్ద స్టేషను. గాజు కప్పులోంచి దిగుతున్న సాయంత్రపు ఎండలో దుమ్ము మెల్లగా తేలుతోంది. కింద వేలమంది పరుగెడుతున్నారు. ఆ పరుగంతా ఎక్కడో నీళ్ళ అడుగున జరుగుతున్నట్టు ఉంది. మామయ్య ప్లాట్‌ఫాం చివర నిలబడి, వచ్చిన ప్రతి ఇంజనుకీ తల పంకించి రాసుకుంటున్నాడు.

"దీనికి పోయిన వారం ఒంట్లో బాగాలేదు. ఇవాళ తేరుకుంది చూడు" అన్నాడొక ఇంజనును చూపించి.

సామాన్లు మోసే ఒకాయన దాటిపోతూ, "ఈయన మీకేమవుతారమ్మా?" అని అడిగాడు.

"మామయ్య."

"అదృష్టవంతులు. మా స్టేషన్‌మాస్టరు కూడా ఈయన్నడిగే బండి ఎక్కడుందో చెబుతాడు."

తరవాత బస్సెక్కి వంతెన మీది స్టేషనుకు వెళ్ళారు. అది ఇళ్ళ మధ్యలో, మేడల ఎత్తున ఉంది. కిటికీల్లో ఒక్కొక్క దీపమే వెలుగుతోంది. ఒక ఇంట్లో ఎవరో జడ వేసుకుంటున్నారు, ఇంకో ఇంట్లో ఎవరో బట్టలు మడత పెడుతున్నారు. రైలు మధ్యలోంచి పోతుంటే దాని వెలుగు ఆ గోడలన్నిటినీ ఒకసారి నిమిరి పోయింది. ఆకాశం ఊదారంగుకు తిరిగింది. మేనకోడలు ఆ రోజు మొదటిసారి, ఎవరికీ క్షమాపణ చెప్పాల్సిన పనిలేకుండా ఊరికే నిలబడింది. నాలుగు నంబర్లు రాసింది కూడా.

"ఒకటికీ ఏడుకీ తేడా తెలిసేట్టు రాయి. చరిత్రలో నిలిచేవి" అన్నాడు మామయ్య.

మూడోది ఇంజన్లు నిలిపే షెడ్డు పక్కన చిన్న స్టేషను. ఒక బెంచీ, ఒక దీపస్తంభం, ఒక టీ బండి. అక్కడికి రాగానే మామయ్య పెన్నుకు మూత పెట్టి, నోటుపుస్తకం సంచిలో వేసేశాడు.

"ఇక్కడ రాయవా?"

"ఇక్కడ రాయను."

అత్తయ్య అనుమానం నిజమేనేమోనని ఆ పిల్ల చుట్టూ చూసింది. బెంచీ మీద నల్లద్దాలు పెట్టుకున్న ముసలాయన చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు.

"రండి డాక్టరుగారూ!"

"నేను డాక్టర్ని కాదండీ డ్రైవరుగారూ" అంటూ మామయ్య పక్కన కూర్చున్నాడు. "మా మేనకోడలు."

దూరంగా పట్టాలు సన్నగా పాడటం మొదలెట్టాయి. డ్రైవరుగారు చెయ్యెత్తి అందర్నీ మాట్లాడొద్దన్నాడు. ఇంజను గడగడలాడుతూ దాటిపోయింది.

"నాలుగు వేల నూట పన్నెండు."

"కరెక్టండీ డ్రైవరుగారూ!"

మేనకోడలు ఉలిక్కిపడింది. "మామయ్యా, అది రెండు వేల..."

మామయ్య ఆమె కాలు తొక్కాడు. లేచి టీ తెస్తానంటూ ఆమెను కూడా లాక్కుపోయాడు.

"మూడుకీ ఎనిమిదికీ ఊళ్ళు దాటి పోయావు! ఇదేంటి?"

మామయ్య టీ బండి వైపు చూస్తూ మెల్లగా చెప్పాడు. "పదిహేనేళ్ళ కిందట ఆయన నా దుకాణానికొచ్చాడే. చూపు పోతోందని చెప్పింది నేనే. 'ఇంకెన్నాళ్ళు నడపొచ్చు' అనడిగాడు. 'రేపటినుంచే వద్దు' అన్నాను. అది చెప్పకుండా ఉండకూడదు, చెప్పాను. ఒకసారి ఉన్నదున్నట్టు చెప్పాను ఆయనకి. అది చాలు."

"మరి ఇస్త్రీ చొక్కా?"

"డ్యూటీలో ఉన్న డ్రైవరు పక్కన నలిగిన చొక్కాతో కూర్చుంటామా!"

"పుస్తకం?"

"నోటితో అంటే ఏదో అన్నాం. పుస్తకంలో తప్పు రాస్తామా?" అని కళ్ళెర్రజేశాడు.

టీ కాగేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు. మేనకోడలు బెంచీ దగ్గరకు తిరిగొచ్చింది. డ్రైవరుగారు ఆమె వైపు వంగి, గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఒక మాట. మీ మామయ్యకు చూపు మందగించింది. ఇంట్లో తెలుసా?"

"ఏమండీ?"

"పాత ఇంజన్లయితే చప్పుడుతో పోల్చేవాణ్ణి. కొత్తవన్నీ ఒకేలా మోగుతాయి. నోటికొచ్చిన నంబరు చెబుతాను. ఆయన కరెక్టంటాడు! కళ్ళద్దాలు అమ్మే మనిషికి కళ్ళు కనిపించవని బయటపడితే ఎంత నామర్దా! అందుకే పట్టనట్టు ఊరుకుంటున్నాను. పాపం, మంచివాడు. నువ్వూ అనకు."

ఆమెకు నవ్వు తన్నుకొచ్చింది. సరిగ్గా అప్పుడే అత్తయ్య ఫోను. పక్కకు జరిగి ఎత్తింది.

"ఎవరే ఆవిడ?"

"ఆవిడ కాదు అత్తయ్యా, ఆయన. డెబ్భై దాటాయి. చూపు లేదు. ఇద్దరూ కూర్చుని రైళ్ళు వింటున్నారు."

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. తరవాత అత్తయ్య, "అక్కడ గాలి విసురుగా ఉంటుందేమో. పెద్దాయనకి మఫ్లరు ఉందో లేదో చూడు" అని పెట్టేసింది.

టీ వచ్చింది. ముగ్గురూ గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. షెడ్డు దీపాలు మంచులో మెత్తబడి పసుపు పూలలా ఉన్నాయి. ఇంకో బండి నెమ్మదిగా, నిద్రలో నడుస్తున్నట్టు, వాళ్ళ ముందునుంచి సాగుతోంది.

"ఆరు వేల మూడు వందల ఒకటి" అన్నాడు డ్రైవరుగారు.

"కరెక్టండీ!" అన్నాడు మామయ్య.

"మీరు చెబితే సరేలెండి. అమ్మాయివి లేత కళ్ళు కదా. ఏమ్మా, కరెక్టేనా?"

మామయ్య ఆమె వైపు దీనంగా చూశాడు. డ్రైవరుగారు గ్లాసు వెనక మూతి దాచుకున్నాడు. ఇంజను మీది అంకెలు తెల్లగా, పెద్దగా, ఆయన చెప్పిన నంబరుతో ఏ సంబంధమూ లేనట్టు దాటిపోతున్నాయి.

"ఒక్క అంకె కూడా పొల్లు పోలేదండీ!" అంది మేనకోడలు.

డ్రైవరుగారు తల పంకించాడు. "అయితే ఇది వంశంలోనే ఉందన్నమాట."

"అవునండీ" అన్నాడు నంబరు మామయ్య, ఛాతీ ఉప్పొంగించి. "మా వాళ్ళందరివీ డేగ కళ్ళు!"