తెలుగులో వచ్చిన జాబు

తమిళనాడు గుడియాత్తంలో ఆడవాళ్లకు పరీక్షల క్యాంపు పెట్టినప్పుడు, కార్డు నింపుతూ నర్సమ్మ "మీ భాషేది?" అని అడిగింది. చిన్నమణి తల ఎత్తి "తెలుగు" అంది. ఆ ఒక్క మాటే తర్వాత ఆమెను నిలవనీయలేదు.

ఆ రోజు గర్భసంచి ముఖద్వారం దగ్గర తుడిచి తీసిన నమూనా పరీక్షకు వేలూరు పోయింది. "బాగుంటే జాబు రాదు. తేడా ఉంటేనే రాస్తాం" అని ముందే చెప్పారు. నెలకు జాబు వచ్చింది, గుండ్రటి తెలుగు అక్షరాల్లో. ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదివేది మాత్రం అరవం. మేస్త్రీ పని చేసే మొగుడు దొరై కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"జిలేబీలు చుట్టినట్టుండాది గదే!"

"నవ్వొద్దప్పా. నా పానం యాడుండాదో నాకే తెలీలా."

కట్టడం పనిలో ఇటుకల తట్ట ఒకరికి అందించబోయి ఇంకొకరికి అందించింది. సాయంత్రం బస్టాండుకు పోయి చిత్తూరు బస్సు కండక్టరు ముందు నిలబడింది. జాబు సగం తీసి, మళ్లీ రొంటిన దోపుకుంది. ఆ సంగతి మగమనిషి నోట ఎట్లా వినేది?

నాలుగో రోజు పక్కింటి కృష్ణమ్మ గుమ్మంలో, చిత్తూరు నుంచి వచ్చిన కొత్తకోడలు రంజని బెల్లం పొట్లం విప్పి, ఆ కాగితంలోని తెలుగు కథ పైకి చదువుతోంది. చిన్నమణి పరుగున పోయి జాబు ఆమె ఒడిలో పెట్టింది.

రంజని చదివింది. "క్యాన్సర్ కాదంటక్కా. వదిలేస్తే ముందుకు అట్లా మారొచ్చంట. ఇప్పుడే చిన్న వైద్యంతో పోతుందంట. ఇరవయ్యో తేదీకల్లా వేలూరు ఆసుపత్రికి రమ్మన్నారు."

"ఈపొద్దెంత?"

"పంతొమ్మిది."

"నొప్పే లేదంటివి, ఎందుకే పోయేది?" అంది కృష్ణమ్మ.

"నొప్పి వచ్చినాక పోతే ఏం లాభం అత్తా?" అంది రంజని.

తెల్లారి మొదటి వేలూరు బస్సులో చోటు దొరికినా చిన్నమణి కూర్చోలేదు, నిలబడే పోయింది. వైద్యానికి పావుగంట కూడా పట్టలేదు. "ఏడాదికి మళ్లీ పరీక్షకు రావాలి. మరిచిపోకుండా జాబు వేస్తాం" అంటూ నర్సమ్మ కార్డు తీసింది.

చిన్నమణి చప్పున ఆ కార్డు మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"తల్లీ, మేం మాట్లాడేది తెలుగే. నువ్వు మాత్రం అరవంలో రాయి."