నవంబరు క్రిస్మస్‌కు కుట్టిన ఫ్రాక్

2023 నవంబరు. కోరుట్ల బస్టాండు వెనక సందులో నా టైలరింగ్ షాపు. పుట్టింది సిరిసిల్లలో, మరమగ్గాల మోతలో. గుడ్డ నేయడం మా నాన్న పని, దాన్ని కత్తిరించడం నా పని అయింది. దసరా గిరాకీ అయిపోయి కాస్త ఊపిరి తీసుకుంటున్న రోజుల్లో ప్రభాకర్ వచ్చాడు. మా వీధివాడే, చర్చికి పోయే కుటుంబం. దుబాయిలో పని, రెండేళ్లకోసారి సెలవు. జగిత్యాలలో కొన్న తెల్ల నెట్ గుడ్డ, సంచిలో ఒక పాత ఫ్రాక్ నా ముందు పెట్టాడు.

"అక్కా, మా బ్లెస్సీకి క్రిస్మస్ ఫ్రాక్ కుట్టాలె. ఆదివారానికే గావాలె."

నా నోరు ఊరుకోదు కదా. "దసరా జమ్మాకు ఇంక ఎండనేలేదు, అప్పుడే క్రిస్మసా తమ్మీ?" అన్నాను.

"డిసెంబర్ల నేనుండనక్కా, సెలవు అయిపోతది. గందుకే మా ఇంట్ల ముందుగాల్నే చేస్కుంటున్నం. స్టారు గూడ కట్టిన. పోయిన క్రిస్మస్ ఫోన్లనే చూసిన. ఈసారి నా బిడ్డను కొత్త బట్టల్ల నా కండ్లతోని చూడాలె."

కొలత కోసం ఇచ్చే పాత బట్టను మేం ఆది అంటాం. దాన్ని పరిచి దాని ప్రకారమే కత్తిరిస్తాం. చాలామంది గిరాకీలకు ఒంటిమీద టేపు పెట్టే పనే ఉండదు. ఆ ఫ్రాక్ పరిచి చూస్తే ఎనిమిదేళ్ల పిల్లకు చిన్నదే అనిపించింది.

"పిల్లను ఒకసారి తోల్కరా, టేపు పెడ్త."

"తోల్కస్తె తెలిసిపోతదక్కా, సర్‌ప్రైజు. ఈ ఫ్రాక్ అల్మార్ల ఉంటే ఎవలకు తెల్వకుంట తెచ్చిన. మా బిడ్డ బక్కగనే ఉంటది."

తండ్రి మాట కాదనలేను. అయినా మనసొప్పక పక్కల్లో మార్జిన్, అంటే కుట్టు లోపల వదిలే అదనపు గుడ్డ, ఎక్కువే వదిలాను.

ఆదివారం నన్నూ భోజనానికి పిలిచారు. వేములవాడ బస్సులు కార్తీకమాసం భక్తులతో కిటకిటలాడుతుంటే ఆ ఇంటి గుమ్మానికి ఎర్ర స్టారు వెలుగుతోంది. లోపల కేకు, బగారన్నం, చికెను. ప్రభాకర్ శాంటా టోపీ పెట్టుకుని అందరికీ తానే వడ్డిస్తున్నాడు. నిజంగా పండగొచ్చినట్టే ఉంది.

ఫ్రాక్ చేతికి రాగానే బ్లెస్సీ గంతులేస్తూ గదిలోకి పోయింది. ఎంతకీ రాలేదు. తల్లి సునీత నన్ను సైగ చేసి పిలిచింది. తల దూరింది గానీ చేతులు దూరడం లేదు. పక్కలు విప్పితే వెడల్పు వస్తుంది. భుజం దగ్గర ఒకసారి కత్తిరించాక పెంచడం ఎవరి తరమూ కాదు. నేను తిరిగిచ్చిన ఆది చూసి సునీత తల పట్టుకుంది.

"ఇదా అక్కా? ఆయన పోయినసారి దుబాయ్ పోయిన నాడు పిల్ల ఏసుకున్నది. యాదికి దాచిపెట్టిన."

బ్లెస్సీ ఏడవలేదు. ఎలాగో చేతులు ఇరికించుకుంది. వీపు హుక్కులు వదిలేసి, పైన తల్లి చున్నీ కప్పుకుని బయటికొచ్చింది. "మస్తు సరిపోయింది డాడీ" అంది. చెయ్యి లేవక కేకు తండ్రితోనే కోయించింది. ఫొటో తీయబోయిన ప్రభాకర్ ఫోను మెల్లగా దించేశాడు. ఆ పూట అతని ముఖం చూడలేకపోయాను.

నన్ను సాగనంపడానికి గేటు దాకా వచ్చాడు.

"వచ్చిన కాన్నుంచి నా ఎదురుంగనే తిరుగుతున్నదక్కా. నా కండ్లల్ల మాత్రం నేను ఇడిసిపోయిన పిల్లనే ఉన్నది."

అతను కోరుకున్నది ఒక్క పూట. అదీ అలా గడిచినందుకు ఇప్పటికీ నాకు బాధే. ఆ తర్వాత పిల్లల బట్టలకు ఆది తీసుకోవడం మానేశాను. పిల్ల వచ్చి నిలబడాల్సిందే, టేపు పెట్టాల్సిందే.

డిసెంబరులో సునీత వేరే గుడ్డ తెచ్చింది. బ్లెస్సీ భుజానికి టేపు పెట్టేసరికి తల్లి చేతిలోని ఫోనులో ప్రభాకర్ ఉన్నాడు.

"అక్కా, కొలతలు గట్టిగ చదువు. నేను రాస్కుంట. ఈసారి వచ్చేటప్పుడు నేనే కుట్టించుకొస్త."

అతను వచ్చేనాటికి ఆ కొలతలూ పాతబడతాయి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, ఒక్కో కొలతా అతనికి వినపడేలా గట్టిగా చదివాను.