వేడిపెట్టెకు గాలి పెట్టిన కాక

ఇరవై రెండేళ్లప్పుడు నాకున్నంత తెలివి మళ్లీ ఎన్నడూ లేదు. గోదావరిఖనిలో ఎమ్మెస్సీ చదువుతూ, బ్యాక్టీరియా ఒంటిపొరకు కావలసిన కొవ్వును తయారుచేసే జన్యువు ఎక్కడుందో కనిపెట్టబోతున్నానని ఇంటిల్లిపాదినీ ఊదరగొట్టాను. (అదెక్కడుందో పుస్తకాల్లో ముందే ఉంది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.) శనివారానికల్లా జన్యువు చోటు తేల్చితేనే ప్రాజెక్టు మీద సంతకం, లేకపోతే ఏడాది పోయినట్టేనన్నారు మా సారు.

నా బ్యాక్టీరియాలో ఆ జన్యువు చెడిపోయింది. చల్లగా ఉంటే బతుకుతుంది, నలభై రెండు డిగ్రీల వేడిలో పొర కట్టుకోలేక చస్తుంది. మంచి బ్యాక్టీరియా నుంచి ఒక్కో ప్లేటులోని నా బ్యాక్టీరియాకు ఒక్కో జన్యుముక్క అందించి, ఆరు ప్లేట్లనూ వేడిపెట్టెలో పెట్టాలి. ఏ ప్లేటులో బ్యాక్టీరియా బతికి చుక్కలుగా మొలిస్తే, దానికిచ్చిన ముక్కలోనే జన్యువు ఉన్నట్టు.

గురువారం పొద్దున మొదటి ప్లేటు తీశాను. నిండా చుక్కలు! గెంతాను, కేకలేశాను, అప్పుడే డ్యూటీ దిగిన నాన్నకు ఫోన్ చేసి "దొరికింది బాపూ!" అన్నాను. సారు వచ్చి మిగతా ఐదూ తీసి చూశారు. అన్నిట్లోనూ చుక్కలే.

"ఏందమ్మా, ఒక్క జన్యువు ఆరు జాగల్ల ఉంటదా?"

మా ల్యాబ్ అటెండర్ కాక (బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి) మెల్లగా ముందుకొచ్చాడు.

"లోపల పాణమున్నయని నువ్వే అంటివి గద బిడ్డా. తలుపు బిర్రుగ మూసున్నది. గాలాడక సస్తయేమోనని నిన్న పోయేటప్పుడు జెర తెరిచిపోయిన. గాలి సూడకుంట మమ్ముల బాయిలకు దింపకపోదురు."

చలికాలం. పెట్టె చల్లారి, అన్నీ హాయిగా బతికిపోయాయి.

"నా ఏడాది ముంచినవు గదనే కాకా!" అని ఏడ్చాను.

"ఫికర్ చెయ్యకు. మళ్ల పెట్టు. నేను కావలుంట."

మర్నాడు మళ్లీ పెట్టాను. కాక సాయంత్రం దాకా పెట్టె ముందు స్టూలేసుకుని కూర్చుని, నన్ను కూడా ముట్టనివ్వలేదు. శనివారం తెరిచి చూస్తే ఐదు ప్లేట్లు ఖాళీ, నాలుగోదాంట్లో మాత్రం చుక్కలు!

"సచ్చినయ్ కాకా! ఐదింట్ల ఒక్కటి గూడ మిగల్లే!" అంటూ ల్యాబంతా ఎగిరాను. సారు నవ్వుతూ సంతకం పెట్టేశారు. కాక మాత్రం ఆ ఖాళీ ప్లేట్ల దగ్గరే నిలబడ్డాడు.

"గంతమంది సచ్చిరి, గిన్ని సంబురాలేంది బిడ్డా?"

ఇప్పుడు నేనే పిల్లలతో ఈ ప్రయోగం చేయిస్తున్నాను. ఖాళీ ప్లేట్లు చూసి వాళ్లూ కేకలేస్తారు. నేను వద్దనను. ఆనాడు ల్యాబంతా ఎగిరిన ఆ పిల్లను తలుచుకుంటే కొంచెం సిగ్గేస్తుంది, కొంచెం ముద్దొస్తుంది. కాకకు ఏం జవాబు చెప్పాలో మాత్రం ఇంకా తెలియలేదు.