పిల్లి చెవి వెనక మచ్చ

నాకు అనుమానం ఎక్కువే. పాలాయన ముందే గిన్నె వంచి చిక్కదనం చూసే రకాన్ని. అందుకే సుబేదారిలోని మా అద్దె ఇంట్లో పిల్లికి జబ్బు చేసినప్పుడు నా చూపు నేరుగా పై వాటాలో ఉండే రిటైర్డు సారు మీదికే పోయింది.

మొదట అది పెద్ద జబ్బేం కాదు. చెవి వెనక గుండ్రంగా వెంట్రుకలు ఊడిపోయి, అంచుల్లో తెల్లగా పొట్టు లేచింది. పశువుల దవాఖానలో డాక్టరమ్మ చూసి తామర అంది. మనుషులకూ అంటుతుంది కాబట్టి చేతులకు తొడుగులు వేసుకుని మందు పూయమంది. నాకకుండా మెడ చుట్టూ ప్లాస్టిక్ గరాటు తగిలించింది. తనిచ్చింది తప్ప ఇంకేమీ పూయొద్దని మరీ మరీ చెప్పింది.

అన్నీ అలాగే చేశాను. అయినా నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి గరాటు ఊడి మూలన పడి ఉండేది. పిల్లే విదిలించుకుంటోందనుకున్నాను. కొన్నాళ్లకు అది చొంగ కార్చడం మొదలుపెట్టింది. తిండి ముట్టడం మానేసింది. చర్మం మీది మచ్చకు చొంగ ఎందుకు కారుతుంది? ఎవరో ఏదో పెట్టారు, ఇంకేముంది.

సారు మిద్దె మీద చేమంతి కుండీలు పెంచుతాడు. మా పిల్లికి ఆ మట్టంటే మహా ఇష్టం, ఎందుకో చెప్పక్కర్లేదు. "ఇంకోపారి రానీ, దాని సంగతి జూస్త" అని ఆయన మెట్ల మీద నిలబడి అనడం నా చెవులారా విన్నాను. ఇక ఆయన ఏ గిన్నె పట్టుకుని కనిపించినా అందులో ఏం కలిపాడోనని కిటికీ తెర పక్కనుంచి చూస్తూ ఉండేదాన్ని.

అమ్మకు చెప్పాను. ములుగు దగ్గరి ఊరు వదిలి నా దగ్గరికి వచ్చాక ఆమెకు ఇక్కడ తోడు ఆ పిల్లే. పగలంతా దాన్ని ఒళ్లో పెట్టుకుని కబుర్లు చెబుతుంది.

"వాని నోట్ల మన్నువడ. మూగజీవి ఏం జేసిందే వానికి?" అంటూ కళ్లొత్తుకుంది. "ఇది దక్కుతదా బిడ్డా?"

మర్నాడు పొద్దున పిల్లి వణుకుతూ పక్కకు ఒరిగి కాళ్లు కొట్టుకుంది. తువ్వాలులో చుట్టుకుని, అమ్మ వెనకే వస్తుండగా గేటు దాకా పరుగెత్తేసరికి సారు ఎదురయ్యాడు. ఏం పెట్టారు దీనికి అని నిలదీశాను.

"నాకు పిల్లంటే గిట్టదమ్మా, నిజమే. గని మందు వెట్టి సంపేటోన్ని గాదు. ముందుగాల దవాఖానకు తీస్కపోండ్రి" అన్నాడు. ఆటోను కూడా ఆయనే ఆపాడు. దొంగ మర్యాద అనుకున్నాను.

డాక్టరమ్మ పిల్లిని బల్ల మీద పడుకోబెట్టి, మెడ దగ్గర వాసన చూసింది.

"ఏం పూసిండ్రు దీనికి? కర్పూరం వాసనొస్తాంది."

అమ్మ మోకాళ్లకు రాసుకునే మందుతో మా ఇల్లంతా ఎప్పుడూ అదే వాసన. నా ముక్కు దాన్ని పట్టించుకోవడం ఎప్పుడో మానేసింది. నేను నోరు తెరిచేలోగా అమ్మ అందుకుంది.

"నేనే పూసిన. కొబ్బరినూనెల కర్పూరమేసి కాగవెట్టిన. మా ఊళ్లె పిల్లలందరికీ గదే పూస్తుంటిమి. దీనికి సుత చిన్నప్పుడు గదే పూసిన" అంటూ నన్ను చూపించింది. "గరాటుల తలకాయ వెట్టుకోని ఏడుస్తాంటె సూడలేక ఇప్పిన."

"పిల్లులకు కర్పూరం పడదమ్మా. తోలులకెల్లి లోపటికి వోతది. నాకితె ఇంకింత ఎక్కువైతది" అంది డాక్టరమ్మ మెల్లగానే.

సబ్బుతో ఒళ్లంతా కడిగి, సూదులు వేసి, సెలైన్ పెట్టారు. బయట బల్ల మీద అమ్మ పక్కన కూర్చున్నాను. కోపం పొంగుకొచ్చింది. ఇన్నాళ్లూ దాన్ని మోపడానికి పై వాటాలో ఒక మనిషి ఉన్నాడు. ఇప్పుడెవరి మీద పెట్టను? అమ్మ కొంగుతో వేళ్లు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది.

పిల్లి బతికింది. సాయంత్రం ఇంటికి తెచ్చి కింద దించగానే తూలుతూ పోయి, అలవాటుగా అమ్మ ఒళ్లోకెక్కి ముడుచుకుంది. అమ్మ రెండు చేతులూ పైకెత్తి, అలాగే గాల్లో పట్టుకుని కూర్చుంది. అది తలతో ఆమె పొట్టను నెట్టింది, నిమరమని.

"నువ్వు తీస్కో బిడ్డా" అంది అమ్మ. "నేను ముట్ట."