రాణిగారి పుస్తకంలో ఫైలు నంబరు

పోయిన ఆదివారం పాయింట్ కుక్ పేటలోని మా ఇంటి పెరట్లో బార్బీ, అదే బార్బెక్యూ, పెట్టుకున్నాం. మా తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి భర్త, పటకారుతో చికెన్ ముక్కలు తిప్పుతూ, ఈమధ్యే పీఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, వచ్చిన ఒక జంటకి తన సిటిజన్‌షిప్ కథ మళ్ళీ మొదలెట్టాడు. "క్వీన్ పోయినప్పుడు కండోలెన్స్ బుక్‌లో సైన్ చేశాను బ్రో. నెక్స్ట్ మంత్ అప్రూవల్ వచ్చేసింది!" వాళ్ళు నోళ్ళు తెరుచుకుని విన్నారు. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఆ రోజు క్యూలో అతని పక్కన నిలబడింది నేనే. అతను ఎప్పుడూ చెప్పని ముక్క ఒకటి ఆ కథలో ఉంది.

బ్రిటిష్ రాణిగారే ఈ దేశానికీ రాణి కాబట్టి, ఆవిడ పోయారని ప్రభుత్వం సెలవిచ్చింది. సెలవంటే నేను పదింటిదాకా లేవని మనిషిని. ఎనిమిదింటికల్లా మా తోడల్లుడు నల్ల కోటు, నల్ల టైతో దిగబడ్డాడు. వాళ్ళ కారు రిపేర్‌లో ఉందట. "మనం వెళ్ళి సంతాపం బుక్‌లో సైన్ చేయాలి అన్నయ్యా. ఫైల్ పెండింగ్‌లో ఉంది కదా, కాస్త లాయల్టీ చూపిస్తే మంచిది." ఆ ఫైలు సంగతి మా ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఏడాదిన్నరగా అది కదల్లేదు. దేశం దాటితే ఫైలు మళ్ళీ మొదటికొస్తుందని ఎవడో ఏజెంటు చెప్పాడట. ఆ మాట పట్టుకుని, నాలుగు నెలల ముందు తండ్రి పోతే గుంటూరు వెళ్ళలేదు. ఒక్కగానొక్క కొడుకు. అక్కడ బాబాయి కొడుకు తలకొరివి పెడుతుంటే ఇక్కడ హాల్లో ఫోన్‌లో చూస్తూ కూర్చున్నాడు. అప్పటినుంచీ అతనంటే నాకు చిన్నచూపు. దాచడమెందుకు, చాలా చిన్నచూపు.

గవర్నరు బంగళా గేటు దగ్గర మొదలైన క్యూ తోట చుట్టూ తిరిగి రోడ్డు మీదికి వచ్చింది. సన్నటి తుంపర, ఎముకలు కొరికే గాలి. మా ముందు ఒకావిడ కుక్క మెడకి కూడా నల్ల రిబ్బన్ కట్టి తీసుకొచ్చింది. వెనక మన తెలుగు సంఘం పెద్దమనిషి ఒకాయన, రాణిగారి ఫోటో గుండెలకి హత్తుకుని, ఏడుపు మొహంతో ఒక సెల్ఫీ, నవ్వు మొహంతో ఒక సెల్ఫీ దిగాడు. రెండోది పొరపాటున గ్రూపులో పెట్టి, తీసేసే లోపు అందరూ చూశారు. నాకు ఒళ్ళు మండింది. "మన తాతల నెత్తికెక్కి కూర్చున్న కుటుంబం ఇది. వాళ్ళింట్లో చావుకి మనం నల్ల కోట్లేంటి?" అన్నాను. "మా తాతకి వాళ్ళతో ప్రాబ్లమ్ లేదు అన్నయ్యా, ఆయన కరణం," అన్నాడు సీరియస్‌గా.

మూడు గంటల తర్వాత మా వంతు వచ్చింది. పూలు పెట్టిన ఫోటో కనపడగానే గుమ్మంలో బూట్లు విప్పేశాడు. మేజోళ్ళతో వెళ్ళి పుస్తకంలో పేరు రాశాడు. పేరు కింద ఫైలు నంబరు, దాని కింద పుట్టినతేదీ, మొబైల్ నంబరు. "ఇవన్నీ దేనికి?" అన్నాను. "వెరిఫికేషన్‌కి ఈజీగా ఉంటది కదా," అన్నాడు. చనిపోయిన మనిషికి దరఖాస్తు పెట్టుకునే జాతి ప్రపంచంలో మనది తప్ప ఇంకోటుండదు.

తర్వాత ఫోటోకి దణ్ణం పెట్టాడు. పెట్టిన చేతులు దించలేదు. భుజాలు కదులుతున్నాయి. అక్కడున్న ఉద్యోగిని పరుగున వచ్చి టిష్యూ ఇచ్చి, రాణిగారు అందరికీ అమ్మమ్మలాంటివారని ఓదార్చింది. అతను నావైపు తిరిగాడు. "నాన్న ఫోటో ముందు ఒక్కసారి కూడా ఇట్లా నిలబడలేదు అన్నయ్యా."

నేను చుట్టూ చూశాను. సంఘం పెద్దమనిషి మావైపే చూస్తున్నాడు. నాకు సిగ్గేసింది. "ఫైలు కోసం నిలబడ్డావుగా, చాల్లే, పద. పార్కింగ్ టైమ్ అయిపోతోంది," అన్నాను. అతను కళ్ళు తుడుచుకుని, వంగి బూట్లు తొడుక్కున్నాడు.

ఆ ఫైలు ఏ సంతకంతోనూ పని లేకుండా, దాని వంతు వచ్చినప్పుడు కదిలింది. అతను ఆ మర్నాడే తేలికపడ్డాడేమో, ఇప్పుడు దాన్ని నవ్వులాటగా చెప్పుకుంటున్నాడు. ఎవరో పరాయి రాణి కోసం వానలో మూడు గంటలు నిలబడగలిగిన నేను, అతన్ని ఇంకొక్క నిమిషం ఏడవనిస్తే ఏం పోయేది? ఆ మూడు గంటలూ పాతబడి కథ అయిపోయాయి. ఆ నిమిషం మాత్రం ఎన్నేళ్ళయినా పాతబడటం లేదు.