ఎడం చేతి శుభలేఖలు

మల్కాపురంలో మా వీధిలో పెళ్లి కుదిరితే శుభలేఖల కట్ట మా ఇంటికి వచ్చేది. కవర్ల మీద పేర్లు నా చేత రాయించేవారు. పోర్టులో నేను ట్యాలీ గుమాస్తాని. ఓడలోంచి దిగే సరుకును జెట్టీ మీద నిలబడి రాసుకోవడం నా పని. సముద్రపు గాలికి అట్ట మీది కాగితం రెపరెపలాడుతున్నా నా అక్షరం చెదరదని పేరు. ఆ పేరు నాకు బాగా తలకెక్కింది.

దాని ఫలితం మా అమ్మాయి అనుభవించింది. అక్షరాభ్యాసం రోజున పళ్లెంలో బియ్యం మీద దాని కుడి చెయ్యి పట్టుకుని నేను దిద్దిస్తుంటే, అది ఎడం చేత్తో పక్కన తన గీతలు తను గీసుకుంది. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత సాయంత్రాలు కాపీ రాయించేటప్పుడు తువ్వాలుతో దాని ఎడం చేతిని కుర్చీకి కట్టేవాణ్ణి. ఏడుస్తూ రాసేది. కట్టు విప్పగానే పెన్సిలు మళ్లీ ఎడం చేతిలోకి వెళ్లిపోయేది. చివరికి విసిగింది నేనే. దానికి స్వేచ్ఛ ఇచ్చానని ఎవరైనా అంటే నమ్మకండి. అది నా దగ్గర లాక్కుంది.

విచిత్రమేమిటంటే, పాత రాతల గురించి నాకంటే ఎక్కువ మాట్లాడినవాడు మా వీధిలో లేడు. మా తాత తాటాకు మీద రాయడం చిన్నప్పుడు కళ్లారా చూశాను. గంటం కుడి చేతిలోనే ఉండేది, కానీ దాన్ని నెట్టేది ఎడం బొటనవేలు. ఆకును జరిపేదీ ఆ చెయ్యే. ఇది తెలిసి కూడా ఆ చేతినే కట్టాను.

రెండువేల సంవత్సరం దాటాక ఒక వేసవిలో జెట్టీ మీద ఇనుప కట్ట జారి నా కుడి చేతి వేళ్లు నలిగాయి. కట్టుతో ఇంట్లో ఉండగా పక్కింటాయన కూతురి పెళ్లి కార్డులు తెచ్చాడు. మూలలకి పసుపు రాసి ఉంది.

"కట్టు ఇప్పాక నెమ్మదిగానే రాయి బావా. నీ అచ్చరం లేకపోతే మా సుట్టాలు కరెంటు బిల్లనుకుంటారు," అని పెట్టేసి వెళ్లాడు.

అమ్మాయి అప్పటికి తొమ్మిదో తరగతి. తనే కూర్చుంది. సిరా అంటకుండా కవరు కుడివైపుకి వాల్చి పెట్టుకుని, చేతిని వరస కిందుగా జరుపుతూ రాసింది. దాని అక్షరం నా అక్షరంలా లేదు. నిటారుగా, కాస్త పొగరుగా ఉంది. నాకు నచ్చింది.

సాయంత్రం ఆయన వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏటి బావా ఇది? పెళ్లి కార్డులు ఎడం సేత్తో రాయిత్తన్నావా?"

"అక్షరం చూడు బావా."

"అచ్చరం బాగానే ఉంది. రేపు నా పిల్లకి ఏటైనా అయితే? కుడి సేత్తో రాయమ్మా, వంకరైనా పర్లేదు."

అమ్మాయి పెన్ను ఆపి నా వైపు చూసింది. తువ్వాలు తీసినప్పుడు చూసే చూపే అది. నేను గంటం సంగతి ఎత్తుకున్నాను.

"మీ తాత ఆకులు గీసుకున్నాడు బావా, మా పిల్లకి పెళ్లి సెయ్యలేదు."

"రాస్తే ఈ చేత్తోనే రాస్తాది. ఇష్టం లేకపోతే పట్టుకెళ్లు."

"వేళ్లే నలిగాయనుకున్నాను. బుర్ర కూడా నలిగిందేటి?"

రాసినవీ రాయనివీ కలిపి ఊడ్చుకుని వెళ్లిపోయాడు. నేను గొప్ప పని చేసినవాడిలా అమ్మాయి వైపు తిరిగాను.

"నా సెయ్యి కుర్చీకి కట్టినప్పుడు ఈ మాట ఎవరూ అన్లేదు నాన్నా."

"కట్టింది నేనే కదమ్మా."

"అందుకే నీకు సెప్తన్నాను."

పెన్నుకి మూత పెట్టి లోపలికి వెళ్లింది. నేను క్షమించమని అడగలేదు. అడిగితే మళ్లీ దాని మీదే భారం వేసినట్టు.

వేళ్లు మానాక కార్డులు మళ్లీ రావడం మొదలైంది. వచ్చిన ప్రతివాళ్లకీ, "అమ్మాయిని అడగండి, ఎడం చేత్తో రాస్తుంది," అని చెప్పాను. వీధి వీధంతా దూరమవుతోందని మా ఆవిడ నెత్తి కొట్టుకుంది. చాలామంది అడక్కుండానే కట్ట చంకన పెట్టుకుని వెళ్లిపోయారు. వెళ్లనీ. అడిగిన ఒకరిద్దరికి అది బుద్ధి పుడితే రాసింది, లేకపోతే లేదంది. నేను మాత్రం మళ్లీ ఎవరి శుభలేఖ మీదా కలం పెట్టలేదు.